రేటు కార్డు చూసి దేశాన్ని ఎంచుకోవద్దు

(హనుమకొండలో డిగ్రీ, ఎంబీఏ విద్యార్థులు, చిన్న ఐటీ సంస్థలు నడుపుతున్నవాళ్ల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడిన యాస మార్చకుండా రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో పెద్దలున్నరు, ఎనకాల మా చెల్లెళ్లు, తమ్ముళ్లు కూసున్నరు. కొందరు తలుపు దగ్గర నిలబడ్డరు. లోపలికి రాండ్రి, ఇక్కడ జాగ ఉన్నది.

నాది పరకాల దిక్కు పల్లె. మా నాయిన పత్తి పండించేటోడు. 2003లో నేను హైదరాబాద్ పోయి కాల్ సెంటర్‌లో చేరిన. పదేండ్లు హెడ్‌సెట్ పెట్టుకొని ఫోన్లు ఎత్తిన, టీమ్ లీడర్ అయిన, ట్రెయినింగ్ ఇచ్చిన. ఆ తర్వాత పని ఇచ్చేటోళ్ల దిక్కు పోయిన. అంటే అమెరికా, ఇంగ్లండ్ కంపెనీల తరఫున తిరిగి, కాల్ సెంటర్ పని ఏ దేశానికి ఇయ్యాలె, ఏ ఊర్లో పెట్టాలె అని చూసి చెప్పుడు నా పని. ఈ హాల్లో కొందరు రేపు ఆ ఫోన్లు ఎత్తెటోళ్లు, కొందరు ఆ పని ఎవరికి ఇయ్యాల్నో తేల్చెటోళ్లు. ఇద్దరికీ ఒకటే సంగతి చెప్దామని వచ్చిన.

మా నాయిన వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తీస్కపోయిన దినాలు నాకు మంచిగ యాదికున్నయి. బోర్డు మీద క్వింటాల్‌కు ఒక రేటు రాసి ఉంటది. మన పత్తి కాడికి వచ్చినోడు చెయ్యి లోపలిదాకా పెట్టి చూస్తడు, తేమ మిషన్ పెడ్తడు. పత్తి కొనే సర్కారు సంస్థ సీసీఐ లెక్కల 8 శాతం తేమ ఉంటే పూర్తి ధర. అంతకన్న ఎక్కువుంటే కోత. 12 దాటితే కొననే కొనదు. ఆ తర్వాత తరుగు, హమాలీ, బండి కిరాయి. ఇంటికొచ్చినంక నాయిన చేతిలో ఉన్న పైసలు బోర్డు మీది రేటుతో ఎన్నడూ కలవలే.

కాల్ సెంటర్ల రేటు కార్డు గూడ గసొంటిదే. ఫలానా దేశంలో గంటకు ఇంత, ఫలానా దేశంలో ఇంత అని ఒక కాగితం వస్తది. కొత్తగా వచ్చిన మేనేజర్లు ఆ కాగితం ముందల పెట్టుకొని అన్నిట్ల తక్కువ అంకె కింద గీత గీస్తరు. నేను గూడ మొదట్ల అట్లనే గీసిన. అది తప్పని తెలిసేసరికి రెండేండ్లు పట్టింది.

లెక్క చూద్దాం. ఇవి అసలు రేట్లు కావు, అర్థం కావడానికి అనుకున్న అంకెలు. ఒక దేశంలో గంటకు 8 డాలర్లు, ఇంకో దేశంలో 12 డాలర్లు అనుకుందాం. 8 డాలర్ల కాడ కూసున్న పిల్లగాడు గంటకు 5 కాల్స్ ఎత్తుతడు, అండ్ల 3 మాత్రమే మొదటిసారికే తెగుతయి, అంటే కస్టమర్ సమస్య అక్కడికే తీరిపోతది. 12 డాలర్ల కాడ ఉన్న పిల్ల 6 ఎత్తుతది, 5 మొదటిసారికే తెగుతయి. ఇప్పుడు తెగిన కాల్‌కు ఎంత పడ్డదో చూడండి. మొదటి కాడ 2 డాలర్ల 67 సెంట్లు, రెండో కాడ 2 డాలర్ల 40. అగ్గువ అనుకున్నదే పిరం అయింది. ఇంకో ముచ్చట మర్చిపోవద్దు. మొదటి కాడ తెగని ఆ రెండు కాల్స్ ఎటు పోవు, రేపు పొద్దున కోపంతోని మళ్ల వస్తయి. వచ్చినోడు ముందు పది నిమిషాలు నిన్నటి సంగతి చెప్తడు. ఆ పది నిమిషాలకు గూడ పైసలు కట్టేది మనమే.

ఇది తెలిసినంక నేను రేటు అడుగుడు ఆఖరుకు పెట్టుకున్న. మొదటి ప్రశ్న మార్చుకున్న: ఈ ఊర్లో, ఈ కుర్చీలో కూసున్న మనిషి ఎన్ని దినాలు ఉంటడు?

మా దాంట్లో మనుషులు పని మానేసి పోవుడును అట్రిషన్ అంటరు. వంద సీట్ల సెంటర్ ఉన్నదనుకోండి. ఏడాదికి 60 మంది మానేస్తే 60 మందిని కొత్తగ తీసుకోవాలె. ఒక్కొక్కరికి ఆరు వారాలు ట్రెయినింగ్. 60 ఆర్లు 360 వారాలు. ఏడాదికి 52 వారాలైతే, ఏడుగురు మనుషులు ఏడాదంతా జీతం తీసుకుంట ఒక్క కాల్ గూడ ఎత్తనట్టు లెక్క. ఆ ఖర్చు ఏ రేటు కార్డులో రాసి ఉండదు. గీ లెక్కలో కొత్తోళ్ల తప్పులు గూడ లెవ్వు. కొత్తోడు ఫోన్ హోల్డ్‌లో పెట్టి పక్కోన్ని అడుగుతడు, పక్కోని కాల్ గూడ ఆగుతది.

ఇగ దేశాల సంగతికి వద్దాం. మన కథ చిన్నగ చెప్తా, ఎందుకంటే మీకు కొంత తెలుసు. 1990లల్ల అమెరికన్ ఎక్స్‌ప్రెస్, జీఈ క్యాపిటల్ అసొంటి కంపెనీలు ఢిల్లీ, గుర్గావ్ దిక్కు పని మొదలుపెట్టినయి. రామన్ రాయ్ అనే ఆయన ఆ రెండిట్లో పనిచేసి 2000లో స్పెక్ట్రామైండ్ అనే కాల్ సెంటర్ కంపెనీ పెట్టిండు, దాన్ని 2002లో విప్రో కొన్నది. జీఈది 1997లో మొదలైంది, అదే తర్వాత జెన్‌ప్యాక్ట్ అనే కంపెనీ అయింది. 1999 టెలికాం పాలసీ, ఆ తర్వాత 2002లో విదేశీ ఫోన్ లైన్ల మీద వీఎస్‌ఎన్‌ఎల్ అనే కంపెనీ గుత్తాధిపత్యం పోవుడు, ఈ రెండూ లేకుంటే నాకు ఆ ఉద్యోగమే లేదు. ఫోన్ లైన్ అగ్గువ అయితేనే కదా పరకాల పిల్ల అమెరికా వాళ్లతోని మాట్లాడేది.

కానీ 2010, 11 నాటికి ఫోన్‌లో మాట్లాడే పనిలో ఫిలిప్పీన్స్ మనల్ని దాటింది. జనాభాలో మనకన్న ఎంతో చిన్న దేశం. ఎందుకు దాటింది? జీతాలు తక్కువ అని కాదు, చాలాసార్లు మనకన్న ఎక్కువే. రాత్రి బాధ తక్కువ అని గూడ కాదు. న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిదంటే చలికాలం మనకు రాత్రి ఏడున్నర, మనీలాలో పది. అంటే వాళ్ల షిఫ్ట్ మొత్తానికి మొత్తం రాత్రే.

దాటుడుకు మొదటి కారణం, భాష. 1898 నుంచి 1946 దాకా ఆ దేశం అమెరికా పాలనలో ఉన్నది. బడి చదువు ఇంగ్లీషులో నడిచింది, 1987 రాజ్యాంగంలో ఫిలిపినోతో పాటు ఇంగ్లీషు గూడ అధికార భాష. మనకు ఇంగ్లీషు వచ్చింది పుస్తకంలోంచి, వాళ్లకు వచ్చింది టీవీలోంచి, బాస్కెట్‌బాల్ ఆటలోంచి, పాటలోంచి. ఒహాయోలో ముసలామె "మా గ్యారేజీ తలుపు కాడ మంచు గడ్డకట్టింది, అందుకే కొరియర్ అబ్బాయి సామాను పెట్టి పోలేదు" అంటే, ఆమె చెప్పేది ఏందో మనీలా పిల్లకు ఎంటనే కండ్ల ముందల కనపడ్తది. నాకు కనపడలే. నేను మంచు చూసింది పదేండ్ల తర్వాత.

రెండోది, చట్టం. ఆ దేశపు కార్మిక చట్టంలో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చేసే పనికి కనీసం 10 శాతం ఎక్కువ జీతం ఇయ్యాలని రాసి ఉన్నది. ఏడాది ఆఖర్ల పదమూడో నెల జీతం 1975 నుంచి చట్టం. మన దాంట్లో నైట్ అలవెన్స్ కంపెనీ దయ. ఒక కంపెనీ ఇస్తది, ఇంకోటి ఆపేస్తది. రాత్రికి ధర కట్టిన దేశంలో రాత్రి పనిని జనం ఉద్యోగంగ చూస్తరు. ధర కట్టని కాడ, పెద్ద కొలువు దొరికేదాక తలదాచుకునే జాగగ చూస్తరు.

మూడోది నేను మనసుల పెట్టుకున్న ముచ్చట. 2003లో నన్ను చేర్చుకున్న కంపెనీలో మొదటి వారమే పేరు మార్చిన్రు. నాకు ఇచ్చిన పేరు షారన్. "ఎక్కడ్నుంచి మాట్లాడుతున్నవు?" అని కస్టమర్ అడిగితే మాట మార్చాలె. మూడు వారాలు యాస ట్రెయినింగ్. నాలుక ఎట్ల తిప్పాలె, పెదవులు ఎట్ల మూయాలె. ఒక రాత్రి ఒకాయన బ్యాంకు కార్డు పోయి ఏడుస్తున్నడు. ఆయనకు కావల్సింది కార్డు బంద్ చేసుడు. నా తలకాయలో మాత్రం "ఆర్" అక్షరం సరిగ్గ పలికిన్నా లేదా అన్నదే తిరుగుతున్నది. మనిషి పేరు తీసేసి, మాట తీసేసి, ఇగ మంచిగ మాట్లాడు అంటే ఎట్ల మాట్లాడతది? చెల్లెండ్లూ, మీలో ఎవరన్న ఆ పనిలో చేరితే మీ పేరు మీరే చెప్పుకోండి. ఇప్పుడు చాలా సెంటర్లు మనల్ని మన పేరుతోనే మాట్లాడనిస్తున్నయి. పని ఇచ్చే దిక్కు పోయినంక నేను రాయించిన ప్రతి ఒప్పందంలో ఆ వాక్యం పెట్టించిన.

ఇంకొక దెబ్బ గూడ ఉన్నది, అది మన దేశపోళ్లే కొట్టింది. 2016లో ముంబై పక్కన మీరా రోడ్‌లో పోలీసులు దాడి చేసి నకిలీ కాల్ సెంటర్లు పట్టుకున్నరు. అమెరికా పన్నుల ఆఫీసు నుంచి అని చెప్పి ముసలోళ్లను భయపెట్టి పైసలు గుంజిన్రు. అసొంటి దొంగల వల్ల మన యాస వినంగనే అక్కడి ముసలామె ఫోన్ పెట్టేస్తది. కంపెనీ దేశాన్ని ఎంచుకునేటప్పుడు ఆ భయం గూడ లెక్కలోకి వస్తది. నిజాయితీగ రాత్రంతా కూసున్న పిల్లల కడుపు కొట్టిన పాపం అది.

ఇప్పుడు మిగిలిన దేశాలు. ఇంగ్లండ్ కంపెనీకి దక్షిణాఫ్రికా బాగుంటది. టైము ఒకటి రెండు గంటలే తేడా, పగటి పని, ఇంగ్లీషు మంచిది. కానీ కరెంటు కోతలతో ఆ దేశం 2024 మొదట్ల దాకా మస్తు తిప్పలు పడ్డది, జనరేటర్ సంగతి అడగకుండ సంతకం పెట్టొద్దు. అమెరికాలో ఇంట్ల స్పానిష్ మాట్లాడేటోళ్లు 4 కోట్లకు పైగా ఉన్నరు, వాళ్లకోసం కొలంబియా, మెక్సికో. ఇంగ్లీషుకైతే జమైకా. ఈ దేశాల గడియారం అమెరికా గడియారం పక్కపొంటే నడుస్తది, రాత్రి ఖర్చే ఉండదు. ఫ్రెంచి కస్టమర్లకు మొరాకో, జపనీస్‌కు చైనాలో దాలియన్ అనే ఊరు. ఇన్ని చెప్పింది ఎందుకంటే, "ఏ దేశం మంచిది?" అని అడిగితే దానికి జవాబు లేదు. ఫోన్ చేసేటోని భాష ఏంది, ఆయన ఏ గంటకు చేస్తడు, ఎందుకు చేస్తడు, ఇవి చెప్తే అప్పుడు జవాబు ఉంటది. కర్నీ అనే సలహా సంస్థ 2004 నుంచి దేశాలకు ర్యాంకులు ఇస్తున్నది, మనమే మొదలుంటున్నం. సంతోషమే. కానీ అది సాఫ్ట్‌వేర్, లెక్కల పని, అన్నీ కలిపి ఇచ్చే ర్యాంకు. మీ కంపెనీకి వచ్చే ఫోన్లు వినకుండ ఇచ్చిన ర్యాంకు.

వాయిస్ పనికి, అంటే ఫోన్‌లో మాట్లాడే పనికి, లైన్ గూడ చూడాలె. మనం మాట్లాడిన మాట అవతలోని చెవికి 150 మిల్లీసెకండ్ల లోపల చేరాలని అంతర్జాతీయ టెలికాం సంఘం లెక్క పెట్టింది. అది చానా దాటితే ఇద్దరూ ఒక్కసారే మాట్లాడుడు మొదలుపెడ్తరు, ఒకలను ఒకలు ఆపుకుంటరు, మర్యాద లేదనిపిస్తది. తప్పు పిల్లది కాదు, తీగది. 2008 జనవరిలో అలెగ్జాండ్రియా దగ్గర సముద్రం అడుగున కేబుళ్లు తెగితే మన దేశంలో సగం లైన్లు కుంటినయి. 2006 డిసెంబర్‌లో తైవాన్ భూకంపం వచ్చినప్పుడు అటు దిక్కోళ్లకు అదే గతి. అందుకే సెంటర్‌కు ఎన్ని దిక్కుల నుంచి తీగలు వస్తున్నయో అడగాలె. రెండు కంపెనీల పేర్లు చెప్పి రెండూ ఒకటే కేబుల్ మీద నడిపేటోళ్లున్నరు, జాగ్రత్త.

చట్టాలు గూడ ఉన్నయి. యూరప్‌లో 2018 మే నుంచి జీడీపీఆర్ అనే చట్టం నడుస్తున్నది, అది మనుషుల సొంత వివరాలు కాపాడేది, ఫిలిప్పీన్స్‌లో 2012 డేటా చట్టం, మన దగ్గర 2023ది. మనమే ఫోన్ చేసే పనైతే అమెరికాలో ఆ ఊరి టైము ప్రకారం పొద్దున ఎనిమిది కన్న ముందు, రాత్రి తొమ్మిది తర్వాత చెయ్యొద్దు. మనం ఏ దేశంలో కూసున్నా ఫోన్ ఎత్తెటోని దేశపు చట్టం గూడ మనకు వర్తిస్తది. దీనికి వకీలు ఉండాలె, నేను ఎక్కువ చెప్ప.

2020 మార్చి మాత్రం చెప్పాలె. మార్చి నడుమల మనీలా మూసేసిన్రు, 25వ తారీకు నుంచి మన దేశం మూసేసిన్రు. ఒకే ఊర్లో అన్ని సీట్లు పెట్టుకున్న కంపెనీలకు ఒక్క రాత్రిలో ఫోన్ ఎత్తె మనిషి లేకుండ పోయిండు. అప్పటిదాక మన దగ్గర కాల్ సెంటర్ పని ఇంటికాడ్నుంచి చేయాలంటే టెలికాం శాఖ అసొంటి సెంటర్లకు పెట్టిన ఓఎస్‌పీ అనే నిబంధనలు అడ్డం. ఆ నెలలోనే సడలించిన్రు, నవంబర్‌లో చాలా మట్టుకు ఎత్తేసిన్రు, 2021లో ఇంకా తేలిక చేసిన్రు. నేను ఆ రోజుల్లో క్యాబ్ డ్రైవర్లతోని కంప్యూటర్లు ఇండ్లకు పంపిచ్చిన. ఒక పిల్ల ములుగు అవతల తండాలో ఉన్నది. నెట్ రాకపోతే వాళ్ల నాయిన ఆమెను పొద్దుగూకంగ బండి మీద గుట్టకాడికి తీస్కపోయి, డ్యూటీ అయిందాక పక్కన కూసునేటోడు. ఆ పిల్ల ఆ నెలలో ఒక్క షిఫ్ట్ తప్పలే. దేశాల ర్యాంకులు రాసేటోళ్లు ఆ నాయినను ఏ గడిలో రాస్తరు?

ఇంకో మాట, ఇది పని ఇచ్చేటోళ్లకు. 2003లో డెల్ కంపెనీ తన వ్యాపార కస్టమర్ల ఫోన్లు కొన్ని బెంగళూరు నుంచి అమెరికాకు మళ్లించింది. 2011లో ఇంగ్లండ్‌లో శాంటాండర్ బ్యాంకు మన దేశంలో ఉన్న కాల్ సెంటర్ పనిని వెనక్కి తీస్కపోయింది. రెండిట్లా కస్టమర్లు బాగలేదన్నరు. అసొంటి ఫిర్యాదులు నేను చేసిన కంపెనీల్లో గూడ చూసిన, వందల కాల్స్ కూసొని విన్న. సగం కాల్స్‌లో పిల్లల భాషకు ఏ లోటు లేదు. వాళ్ల చేతిలో అధికారం లేదు. 10 డాలర్లు వాపస్ ఇయ్యాలంటే సూపర్‌వైజర్‌ను అడగాలె, సూపర్‌వైజర్ లండన్‌కు మెయిల్ పెట్టాలె. ఫోన్‌లో ఉన్న మనిషికి మూడుసార్లు "క్షమించండి" చెప్పుడు తప్ప ఇంకేం చేయలేదు ఆ పిల్ల. అసొంటి పనిని ఏ దేశానికి తీస్కపోయినా అంతే ఉంటది. దేశాన్ని మార్చే ముందు, ఆ కుర్చీలో కూసున్న మనిషి ఏం తేల్చగలడో ఒక కాగితం మీద రాయండి. కాగితం తెల్లగ ఉంటే తప్పు మీది.

ఇప్పుడు ఏఐ వచ్చింది, యాస మార్చే సాఫ్ట్‌వేర్ వచ్చింది. 2024లో క్లార్నా అనే కంపెనీ "మా ఏఐ మిషన్ 700 మంది పని చేస్తున్నది" అని చెప్పింది, ఏడాది తిరిగేసరికి "మళ్ల మనుషులను తీసుకుంటున్నం" అన్నది. బాకీ ఎంతున్నది, పార్సిల్ ఎక్కడున్నది అసొంటి ఫోన్లు మిషన్‌కు పోతయి, ఇప్పటికే పోతున్నయి. మనిషి కాడికి వచ్చేటివి గడ్డు కాల్స్. మొగడు చనిపోయినంక ఖాతా పేరు మార్చమనే కాల్, ఆస్పత్రి బిల్లు అర్థం కాని కాల్. దానికి ఆరు వారాల కొత్తోడు పనికిరాడు, ఆరేండ్లు ఉన్నోడు కావాలె. కాబట్టి ఇందాక నేను చెప్పిన "ఎన్ని దినాలు ఉంటడు" అన్న ప్రశ్న ఇంకా బరువైతది.

మరి మన ఊరి సంగతి? మడికొండలో ఐటీ పార్కు ఉన్నది, 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయెంట్ ఇక్కడ సెంటర్లు తెరిచినయి. అదే ఏడాది కరీంనగర్‌లో ఐటీ టవర్ వచ్చింది. మన పిల్ల హైదరాబాద్ పోతే జీతంలో చానా మట్టుకు హాస్టల్‌కు, బస్సుకు పోతది, ఏడాదికి అలసిపోయి ఉద్యోగం మారుతది. ఇక్కడ ఇంటన్నం తిని పోయే పిల్ల నాలుగేండ్లు ఉంటది. ఇది మన బలం, క్లయింట్‌కు ఇదే చెప్పాలె, "మేం అగ్గువ" అని కాదు. అగ్గువ అని వచ్చినోడు ఇంకా అగ్గువ కాడికి పోతడు. మన లోటు గూడ దాచొద్దు. శంషాబాద్‌లో దిగిన క్లయింట్ ఇక్కడికి రావాలంటే మూడు గంటలకు పైనే. రాత్రి రెండింటికి హనుమకొండ చౌరస్తా నుంచి పరకాలకో, నర్సంపేటకో ఆడపిల్ల ఎట్ల పోతది? క్యాబ్‌లో ఆఖరు డ్రాప్ ఆడపిల్లది ఉండొద్దు, ఉంటే గార్డు ఉండాలె. ఇది ఒక్కటి ఇక్కడి కంపెనీలు గట్టిగ చేస్తే, ఊర్లల్లో తల్లిదండ్రులు బిడ్డలను పంపుతరు. నన్ను పంపేటప్పుడు మా అమ్మ అడిగింది గూడ అదే, "రాత్రి ఇంటికి ఎవరు దింపుతరు?" అని. జీతం ఎంతని అడగలే.

ఆ తమ్ముడు చెయ్యి లేపిండు, అడుగు... ఆఁ. "మాది చిన్న కంపెనీ అక్కా, అమెరికాల కస్టమర్లున్నరు, పదిహేను సీట్లు కావాలె, ఏ దేశంలో పెట్టాలె?" అంటున్నడు.

తమ్ముడూ, పదిహేను సీట్లను రెండు దేశాలకు పంచకు. వచ్చే ఫోన్లన్నీ ఒక్క క్యూలో పెట్టి, ఎత్తెటోళ్లు పదిహేను మంది ఒక్కకాడనే ఉంటే కస్టమర్ తక్కువసేపు ఆగుతడు. ఎనిమిది, ఏడు అని చీలిస్తే ఎక్కువసేపు ఆగుతడు. వందేండ్ల కింద కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో ఎర్లాంగ్ అనే ఆయన కట్టిన లెక్క అది, ఇప్పటికీ తప్పలే. ఉపద్రవం వస్తే పనికొచ్చేటట్టు మీ ఆఫీసులోనే ఇద్దరికి ఆ పని నేర్పి ఉంచుకో. ముందు మీ కస్టమర్ల ఫోన్లు రెండు వందలు కూసొని విను, ఎవరు ఎందుకు చేస్తున్నరో రాసుకో. తర్వాత రెండు మూడు ఊర్లు ఎంచుకో, మన మడికొండ గూడ అండ్ల పెట్టు, ఫిలిప్పీన్స్‌లోని సెబూ గూడ పెట్టు. పగటిపూట చూపించే మీటింగ్ హాలు చూసి రాకు. చెప్పకుండ రాత్రి రెండు గంటలకు పో. క్యాంటీన్‌లో అన్నం వేడిగ ఉన్నదా చూడు, ఆడోళ్ల బాత్రూం చూడు, పడుకునే జాగ ఉన్నదా చూడు. ఫ్లోర్ మీద ఎవరన్న కొత్తోడు చెయ్యి లేపితే టీమ్ లీడర్ ఎంతసేపట్ల వస్తున్నడో గడియారం పెట్టి చూడు. ఒక గంట హెడ్‌సెట్ పెట్టుకొని లైవ్ కాల్స్ విను. షిఫ్ట్ ఇడిసినంక గేటు కాడ నిలబడి, క్యాబ్‌లు టైముకు కదులుతున్నయా, ఎంతమంది నవ్వుకుంట ఎక్కుతున్నరో చూడు. ఇవన్నీ చూసినంకనే రేటు అడుగు. మూడు నెలల ఒప్పందం మీద మొదలుపెట్టు, తెగిన కాల్‌కు లెక్క కట్టు. నా నంబర్ బయట బల్ల కాడ ఉన్న మా అమ్మాయి ఇస్తది, చూసొచ్చినంక ఫోన్ చెయ్యి, ఇద్దరం కలిసి ఆ లెక్క కడ్దం.